వీధి కళను సేకరించాలంటే దేనితో మొదలుపెట్టాలి?

గ్రాఫిటీ, స్టెన్సిల్, గోడచిత్రాలు గీసేవారి పని మీకు చాలా ఇష్టమని, కొనాలని ఉన్నా నకిలీల భయం వెనక్కి లాగుతోందని రాశారు. ఇది పెట్టుబడిగా పనికొస్తుందా అని కూడా అడిగారు. నేను పన్నెండేళ్లుగా ఈ కళను సేకరిస్తున్నాను. నా దగ్గర ముప్పై నాలుగు ఉన్నాయి, రెండు తప్ప అన్నీ కాగితం మీద ముద్రించినవే. మీరూ స్క్రీన్ ప్రింట్లతోనే, అంటే తెరలోంచి రంగు లాగి కాగితం మీద వేసినవాటితోనే మొదలుపెట్టండి.

కాన్వాస్ కొనలేనివారు సరిపెట్టుకునే వస్తువు ప్రింటు అని చాలామంది అనుకుంటారు. మిగతా కళల మాట ఎలా ఉన్నా, దీనికి ఆ లెక్క వర్తించదు. పదిచోట్ల, పదేపదే కనబడాలనే ఇది పుట్టింది. 1981లో ఫ్రెంచ్ కళాకారుడు బ్లెక్ ల రా పారిస్ గోడల మీద ఎలుకల బొమ్మలు వేయడం మొదలుపెట్టినప్పుడు అతని చేతిలో ఉన్నది స్టెన్సిల్. ఒకసారి కత్తిరించుకుంటే అదే బొమ్మను ఎన్ని గోడల మీదైనా క్షణాల్లో వేయవచ్చు. అమెరికన్ కళాకారుడు షెపర్డ్ ఫెయిరీ 1989లో ఒక స్టిక్కరుతో మొదలయ్యాడు. న్యూయార్క్ సబ్‌వే (భూగర్భ రైలు) స్టేషన్లలో ఖాళీ ప్రకటనల చోట అంటించిన నల్ల కాగితం మీద సుద్దతో గీసిన కీత్ హేరింగ్, పేరు వచ్చాక 1986లో తన బొమ్మలున్న చొక్కాలు, పోస్టర్లు, బ్యాడ్జీలు అమ్మే పాప్ షాప్ తెరిచాడు. ఇలాంటివారు తమ పర్యవేక్షణలో వేయించిన ప్రింటు, వారి కళలో అసలైన భాగమే.

ఇక నకిలీల సంగతి. దీనిమీద నాకు తగిలిన దెబ్బ ఒకటి చెప్పాలి. సేకరణ మొదలుపెట్టిన మూడో ఏట, ఎంతోకాలంగా వెతుకుతున్న ఒక ప్రింటు ఆన్‌లైన్‌లో కనబడింది. కింద కుడివైపు పెన్సిల్ సంతకం, ఎడమవైపు మొత్తం కాపీల్లో అది ఎన్నోదో చెప్పే ఎడిషన్ సంఖ్య. ఫొటోలు చూసి డబ్బు పంపేశాను. ఫ్రేము కట్టించి గోడకు తగిలించాను కూడా. కొన్ని నెలల తర్వాత, ఫ్రేము మార్పిస్తూ బయటికి తీసినప్పుడు, పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దాన్ని సంతకం మీద పెట్టాను. పెన్సిల్ గీత అనుకున్నది బూడిదరంగు చుక్కల వరుస! కాగితం మీద ఎక్కడా ఒత్తిడి గుర్తు లేదు, గ్రాఫైట్ మెరుపు లేదు. అది సంతకంతో సహా యంత్రం మీద అచ్చేసిన మామూలు ఆఫ్‌సెట్ పోస్టరు. అమ్మినవారి ఖాతా అప్పటికే మూతపడింది.

అందుకే ప్రింటు కన్నా ముందు భూతద్దం కొనుక్కోండి. స్క్రీన్ ప్రింటులో ఒక్కో రంగునూ విడివిడిగా తెరలోంచి కాగితం మీదికి లాగుతారు. అద్దంలో చూస్తే రంగు ఒకే ముద్దగా, నిండుగా ఉంటుంది. కాగితాన్ని వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే, ఒక రంగు మీద మరో రంగు ఎక్కినచోట సన్నని మెట్టు కనబడుతుంది. ఆఫ్‌సెట్‌లో నీలం, గులాబీ, పసుపు, నలుపు చుక్కలు చిన్నచిన్న పువ్వుల్లా గుమిగూడి ఉంటాయి. ఇంక్‌జెట్‌లో మంచు చల్లినట్టు మరీ సన్నని తుంపరలు. బొమ్మలోనే చుక్కలు కోరి పెట్టుకునే కళాకారులూ ఉన్నారు, కాబట్టి చుక్క కనబడగానే నకిలీ అని తేల్చేయకండి. ఆ ప్రింటును ఏ పద్ధతిలో వేశారని ప్రకటించారో, మీ కంటికి కనబడుతున్నది దానితో సరిపోతుందా అన్నదే చూడాలి.

ఎడిషన్ సంఖ్య గురించి కూడా అడుగుతుంటారు. 23/150 అంటే నూట యాభై కాపీల్లో ఇరవై మూడోది. చిన్న సంఖ్య అయితే మేలు అన్న నమ్మకానికి ఆధారం లేదు, ముద్రించిన వరుసలోనే సంఖ్యలు వేయాలన్న నియమం లేదు. దానికన్నా, కళాకారుడు తనకోసం ఉంచుకున్న ఏపీ (ఆర్టిస్ట్స్ ప్రూఫ్) కాపీలు ఎన్ని, అదే బొమ్మను వేరే రంగుల్లో, వేరే కొలతల్లో వేశారా అని అడగండి. మొత్తం ఎన్ని ఉన్నాయో అప్పుడే తెలుస్తుంది.

తర్వాత, అసలుదని చెప్పే ధ్రువపత్రాలు. బ్రిటిష్ వీధి కళాకారుడు బ్యాంక్సీ ప్రింట్లకు ధ్రువీకరణ ఇచ్చేది 2008లో ఏర్పడిన అతని సొంత సంస్థ పెస్ట్ కంట్రోల్ ఒక్కటే. ఆ ధ్రువపత్రానికి యువరాణి డయానా బొమ్మతో బ్యాంక్సీ తయారుచేసిన ఉత్తుత్తి పది పౌండ్ల నోటును సగానికి చింపి జతచేస్తారు, రెండో సగం వారి దగ్గరే ఉంటుంది. రెండు ముక్కలూ అతకాలి. ఎంత సులువైన, ఎంత గట్టి ఏర్పాటో చూడండి. న్యూయార్క్ చిత్రకారుడు బాస్కియా, పైన చెప్పిన హేరింగ్ ఇద్దరి విషయంలోనూ ధ్రువీకరణ కమిటీలు 2012లో ఆగిపోయాయి. అక్కడ ఆ వస్తువు ఎవరి చేతినుంచి ఎవరి చేతికి వచ్చిందన్న చరిత్రే కీలకం. 2022లో అమెరికాలోని ఓర్లాండో మ్యూజియం నుంచి బాస్కియావని చెప్పిన 25 బొమ్మలను ఎఫ్‌బీఐ స్వాధీనం చేసుకుంది. వాటిలో ఒకటి గీసిన అట్టమీద ఒక కొరియర్ సంస్థ అచ్చు ఉంది. ఆ అక్షరాల శైలిని ఆ సంస్థ వాడటం మొదలుపెట్టింది 1994లో. బాస్కియా చనిపోయింది 1988లో. ఏ బొమ్మనైనా వెనక్కి తిప్పి చూడనిదే కొనకండి.

అంత పేరులేని కళాకారుల పనికి ఇవేవీ ఉండవు, అక్కర్లేదు కూడా. బిల్లు, కళాకారుడితో జరిపిన ఈమెయిళ్లు, ఆ ప్రింటు విడుదలైనప్పటి ప్రకటన ఒక కవరులో పెట్టుకోండి. నేను ఆ కవరు మీద కొన్న తేదీ, కాగితం కొలత కూడా రాసి ఉంచుతాను.

గోడ నుంచి ఊడదీసిన వాటి జోలికి మాత్రం దయచేసి వెళ్లకండి. ఒకసారి నాకు ఒక చెక్క పలకను అమ్మజూపారు. దానిమీద నల్ల స్టెన్సిల్ పిల్లి, చక్కగా ఉంది, కానీ తోక లేదు. నాకు మనసు లాగింది. ఫొటో తీసి ఆ కళాకారిణికి పంపితే, ఆమె జవాబుగా ఆ పలక అసలు ఎక్కడ ఉండేదో చూపించే ఫొటో పంపింది. పలక పక్కనే తుప్పుపట్టిన నీళ్ల గొట్టం, పైకి వెళ్లి వంపు తిరిగింది. పిల్లి తోక అదే! పలకను పీకినవారు తోకను గోడకే వదిలేసి వచ్చారు. ఆ రెండు ఫొటోలూ ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి. వీధిలో గీసిన బొమ్మకు ఆ గొట్టం, ఆ పగులు, ఆ మలుపు అన్నీ కలిస్తేనే బొమ్మ.

కళాకారులు దీన్ని ఎంత తీవ్రంగా తీసుకుంటారంటే, ఇటలీలోని బొలోన్యాలో గోడల నుంచి తీసిన పనులను ప్రదర్శనకు పెడుతున్నారని 2016లో బ్లూ అనే చిత్రకారుడు ఆ ఊళ్లో ఇరవై ఏళ్లుగా గీసిన తన బొమ్మలన్నిటినీ బూడిదరంగుతో కప్పేశాడు. పెస్ట్ కంట్రోల్ వీధి బొమ్మలకు ధ్రువీకరణ ఇవ్వదు. గోడల మీద మొజాయిక్ పలకలు అంటించే ఇన్‌వేడర్ కూడా పీకిన వాటిని తన పనిగా ధ్రువీకరించడు. సేకరించేవారి కోసం అతను వీధిలో పెట్టిన దానికి ఒకే ఒక్క ప్రతిరూపం చేస్తాడు, దాన్ని అలియాస్ అంటారు. కొనదలిస్తే అలాంటిది కొనాలి.

కొన్నాక జాగ్రత్త. ఈ కళలో మెరిసే గులాబీ, నారింజ రంగుల వాడకం ఎక్కువ, వెలుతురుకు ముందు వెలిసిపోయేవి అవే. కిటికీకి ఎదురుగా పెట్టిన నా ప్రింటు ఒకటి రెండేళ్లలో గులాబీ నుంచి పాలిపోయిన పీచు రంగుకు వచ్చింది. అతినీలలోహిత కిరణాలను ఆపే అద్దం వేయించండి, అద్దం కాగితాన్ని తాకకుండా మధ్యలో ఆమ్లరహిత మౌంటు (అట్ట చట్రం) పెట్టించండి, వెనక టేపు అంటించవద్దని ఫ్రేము కట్టేవారికి గట్టిగా చెప్పండి. గొట్టంలో చుట్టి వచ్చినదాన్ని నెలల తరబడి అలాగే వదలకండి.

పెట్టుబడి అంటారా, దానికోసమైతే వద్దనే చెబుతాను. 2018లో సోత్‌బీస్ అనే వేలం సంస్థలో అమ్ముడైన మరుక్షణం సగం చిరిగిన బ్యాంక్సీ బొమ్మ మూడేళ్ల తర్వాత 1.8 కోట్ల పౌండ్లు దాటింది, నిజమే. ఆ వార్తలు చూసి 2021లో ప్రింట్లు కొన్నవారిలో చాలామంది ఆ తర్వాత ధరలు పడిపోవడం కూడా చూశారు. అమ్మేటప్పుడు కమీషన్ వేరే. రోజూ చూసుకోవాలనిపించేదే కొనండి.

గ్యాలరీ అంటే బెరుకుగా ఉంటే అక్కడికి వెళ్లనవసరం లేదు. ఈ కళాకారుల్లో చాలామంది తమ వెబ్‌సైటులోనే అమ్ముతారు. ఈమెయిల్ జాబితాలో పేరు నమోదు చేసుకుంటే విడుదల రోజు ముందే తెలుస్తుంది. నచ్చినవారికి నేరుగా రాయండి. నా దగ్గరున్న ప్రింటు కాని రెండింటిలో ఒకటి అలా రాస్తేనే వచ్చింది: వాడేసిన స్టెన్సిల్. కత్తిరించిన అంచుల వెంబడి నలుపు, ఎరుపు, మళ్లీ నలుపు, పొరలు పొరలుగా గట్టిపడి ఉంది. ఒక మూల బొటనవేలి ముద్ర కూడా ఉంది. పాత స్టెన్సిళ్లను చాలామంది పారేస్తుంటారు, మొదటి ప్రింటు కొన్నప్పుడే ఒకటి ఇస్తారేమో అడిగి చూడండి.