ముందు అన్నకు లెక్క చెప్పు

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర ఒక పల్లె. హైదరాబాద్‌లో బీటెక్ చదువుతున్నాను. ఎక్స్చేంజ్ ప్రోగ్రాం మీద ఒక సెమిస్టర్ జర్మనీలో చదివి మార్చిలో తిరిగొచ్చాను. వచ్చినప్పటి నుంచి ఇక్కడ ఏదీ నచ్చడం లేదు. క్యాంపస్ ఉద్యోగం వచ్చింది, కానీ మళ్లీ అక్కడికే ఎంఎస్‌కు వెళ్లాలని ఉంది. నాయిన లేడు. అన్న బత్తాయి తోట చూసుకుంటాడు. నా ఫీజు కోసం వదిన బంగారం కుదువ పెట్టి, ఇంకొంత అప్పు తెచ్చి ఆరు లక్షలు సర్దాడు. ఇప్పుడు ఎంఎస్ మాట ఎత్తితే లేచి బయటికి పోతున్నాడు. అక్కడ ఉన్నప్పుడు ఫ్రెండ్స్ ముందు ఇబ్బందిగా ఉండి తన వీడియో కాల్స్ కట్ చేసేవాణ్ణి, టైం తేడా అని చెప్పేవాణ్ణి. అదేమైనా మనసులో పెట్టుకున్నాడేమో. అమ్మతో చెప్పించి అన్నను ఒప్పించనా, ఉద్యోగంలో చేరనా?

జవాబు: ఎంఎస్ మేలా, ఉద్యోగం మేలా అన్నది నన్ను అడగాల్సిన సంగతి కాదు బిడ్డా. మీ సార్లను అడుగు, అక్కడ చదువుతున్న సీనియర్లను అడుగు. ఇక్కడ ఏదీ నచ్చకపోవడం బయట కొన్నాళ్లు ఉండి వచ్చిన చాలామందికి ఉండేదే. కొన్ని నెలలు పోతే చాలావరకు సర్దుకుంటుంది, దానికి టెన్షన్ పడకు.

నేను ఆగిపోయింది నువ్వు రాసిన 'ఫీజు' దగ్గర. ఎక్స్చేంజ్ మీద వెళ్లినవాళ్లు మామూలుగా అక్కడి యూనివర్సిటీకి ట్యూషన్ ఫీజు కట్టరు, ఇక్కడి కాలేజీకి కట్టేదే కడతారు. మరి ఆ ఆరు లక్షలు ఏమిటి? వీసా కోసం చూపించే బ్లాక్డ్ అకౌంట్ సొమ్ము అయి ఉండాలి. నెలకు 992 యూరోల చొప్పున ఆరు నెలలకు 5,952 యూరోలు, మన డబ్బుల్లో ఆరు లక్షలకు కాస్త అటూఇటూ. అది ఎవరికో కట్టేసే ఫీజు కాదు. నీ పేరు మీదే ఉండి, నెలనెలా నీ చేతికే వచ్చే డబ్బు. రూము అద్దెకు, తిండికి, ఇన్సూరెన్సుకు ఎంత పోయిందో, సెలవుల్లో తిరుగుళ్లకు ఎంత పోయిందో నీకే తెలియాలి. అన్నకు మాత్రం ఫీజు అని చెప్పినట్టున్నావు. నాకూ అదే రాశావు.

బత్తాయి రైతుకు లెక్క తెలియదనుకోకు. టన్నుకు ఇంత తరుగు తీసే వ్యాపారితో ప్రతి కాపుకూ వాదించేవాడు. బోర్లు ఎండిన ఏడు మీ వైపు ట్యాంకర్లతో నీళ్లు తెచ్చి చెట్లను కాపాడుకున్నారు. మీ అన్న కూడా తెచ్చే ఉంటాడు. ఏ డబ్బు ఎటు పోయిందో అలాంటివాడికి ఎప్పుడో ఒకప్పుడు తెలుస్తుంది. బహుశా ఇప్పటికే తెలిసింది.

ఇక ఆ టైం తేడా. చలికాలంలో జర్మనీ మనకంటే నాలుగున్నర గంటలు వెనక. అన్న పొలం పనులు ముగించుకుని, అన్నం తిని రాత్రి ఎనిమిదిన్నరకు ఫోన్ చేస్తే నీకు సాయంత్రం నాలుగు. అది ఫోన్ ఎత్తలేని వేళ కాదు. డిసెంబరులో అక్కడ ఆ వేళకే చీకటి పడుతుంది. కొత్తలో, ఇంకా ఫ్రెండ్స్ లేనప్పుడు, ఆ చీకట్లో అన్న ఫోన్ కోసం నువ్వు చూడలేదా? ఫ్రెండ్స్ వచ్చాక తుండుగుడ్డ భుజాన వేసుకున్న మనిషి స్క్రీన్ మీద కనిపిస్తే నామోషీ అయింది. నీ వయసులో అలాంటి నామోషీ వస్తుంది, దాన్ని నేను పెద్ద నేరం అనను. కానీ ఆ మనిషి డబ్బుతో అక్కడ కూర్చుని ఆ మనిషినే దాచావు చూడు, అది నాకు మింగుడు పడలేదు.

మన జిల్లా నుంచి భీవండి మగ్గాల మీదికి, బొంబాయి కూలికి పోయినవాళ్లు ఇంటికి మనియార్డర్లు పంపేవాళ్లు. నువ్వు పోతే ఇంటి నుంచే డబ్బు అటు వచ్చింది. చదువు కోసం కాబట్టి తప్పేం లేదు. లెక్క చెప్పకపోవడమే తప్పు.

అన్న కాళ్ల మీద పడమని నేను అనడం లేదు. 'నీ కోసం ఇంత చేశాం' అనే మాట కింద జీవితమంతా వంగి బతికిన తమ్ముళ్లను చాలామందిని చూశాను, నువ్వు అలా కాకూడదు. అలాగే అమ్మను మధ్యలో పెట్టకు. అన్నదమ్ముల మధ్య అమ్మను రాయబారానికి పంపితే ఆమె ఇద్దరికీ చెడ్డదవుతుంది. వదిన ముభావంగా ఉంటే ఏమీ అనుకోకు, బ్యాంకులో ఉన్నది ఆమె బంగారం.

ఈ ఆదివారం ఊరికి పో. ఆ ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు ప్రింటు తీసుకుని పో. అన్నతో తోటలోకి నడిచి, వచ్చింది ఇంత, పోయింది ఇంత, తిరగడానికి ఖర్చుపెట్టింది ఇంత అని నీ నోటితోనే చెప్పు. ఫోన్లు ఎందుకు ఎత్తలేదో కూడా చెప్పు. తిడతాడు, పడు. తర్వాత వదిన దగ్గరికి వెళ్లి, ఉద్యోగంలో చేరితే బంగారం విడిపించే వడ్డీ, అసలు నెలకు ఎంత కట్టగలవో చెప్పు.

ఎంఎస్ అయితే ఎటూ పోదు. అక్కడ ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఎక్కువ చోట్ల ట్యూషన్ ఫీజు లేదు, కానీ ఈసారి ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి. ఎవరి బంగారం మీద? ఆ పూచీ నీ పేరు మీద ఎడ్యుకేషన్ లోన్‌తోనో, ఒకటి రెండేళ్ల జీతంతోనో అయ్యేలా చూసుకో. మన దేశం నుంచి వెళ్లేవాళ్లకు, చదువు కాగితాలు అసలైనవేనని తనిఖీ చేసి ఇచ్చే ఏపీఎస్ సర్టిఫికెట్ కూడా కావాలి, దానికి టైం పడుతుంది. వింటర్ సెమిస్టర్‌కు చాలా చోట్ల గడువు జులై 15, కొన్నిచోట్ల ఇంకా ముందే. ఆ కాగితాల పని ఇప్పుడే మొదలుపెట్టినా నాకు అభ్యంతరం లేదు, ఆదివారం తర్వాత మాత్రమే.