పప్పు అంటే వండిన పప్పేనా? ఆ మాట ఎక్కడిది?

బాదంపప్పుకీ కందిపప్పుకీ ఒకే మాట ఎలా వచ్చిందనీ, హిందీ నుంచి తెచ్చుకున్నామా అనీ అడిగారు కదండీ. కాదండీ, అది మన ద్రావిడ మాటే.

గింజ పెంకో పొట్టో తీస్తే లోపల తినడానికి మిగిలేది పప్పు. చేలో కోసినప్పుడు అవి కందులు. తిరగట్లో వేసి విసిరితే పొట్టు ఊడి, గింజ రెండు బద్దలై పచ్చగా రాలుతుంది చూడండి, అప్పుడే కందిపప్పు అవుతుంది. జీడిపప్పు, వేరుశనగపప్పు కూడా అంతే. ఉడికించి అన్నంలో కలుపుకునేదానికి ఆ పేరే నిలిచింది. మామిడికి మాత్రం టెంకలోది జీడి అంటాం, పప్పు అనం.

ఇక పుట్టుక. తమిళంలో పరుప్పు, మలయాళంలో పరిప్పు. రెండిటికీ ఇవే అర్థాలు: జీడిపప్పు వాళ్లకి ముందిరిప్పరుప్పు. తెలుగులో మధ్యనున్న ‘రు’ జారిపోయింది. ఇది ఒక్క మాటకే జరిగింది కాదు: తమిళ మరుందు మనకి మందు, విరుందు విందు, ఎరుదు ఎద్దు. ఈ వరస పక్కన పెట్టుకుని చూస్తే పరుప్పు, పప్పు చుట్టాలని ఇట్టే తెలుస్తుంది, నాకైతే ఇందులో సందేహం లేదు. సంస్కృతంలో వండిన పప్పుని సూపం అంటారు, దానికీ దీనికీ సంబంధం లేదండీ.