అంకెల బిళ్ల ఉన్న పాత పట్టుకారు దేనికంటే

అంకెల బిళ్ల ఉన్న మీ పాత పట్టుకారు దేనికని అడిగారు. పిడులు నొక్కగానే చిన్న ఉక్కు ములుకు ముందుకు వచ్చి, అంకెలు చెక్కిన గుండ్రటి బిళ్లను తాకుతోందని మీరు రాశారు కాబట్టి, అది పట్టుకారు కాదు, చేతిరంపం పళ్లను అటూ ఇటూ వంచే పనిముట్టు. పళ్లు అలా విచ్చుకోకపోతే రంపం తన కోతలోనే బిగుసుకుపోతుంది.

చాలామంది పొరబడేది అంకెల దగ్గరే. అవి సాధారణంగా అంగుళానికి పళ్ల లెక్కను సూచిస్తాయి. అంకె పెరిగేకొద్దీ వంపు తగ్గుతుంది.

1. రంపంపై అంగుళానికి ఎన్ని పళ్లున్నాయో లెక్కించి, ఆ అంకెను ములుకుకు ఎదురుగా తిప్పి బిగించండి. నేనైతే ఒక అంకె ఎక్కువే పెట్టి మొదలుపెడతాను.

2. ఒక పన్ను విడిచి ఒక పన్నును, అది ఇప్పటికే వాలి ఉన్న వైపుకే నొక్కి, మిగిలినవాటిని రెండో వైపు నుంచి వంచండి. పంటి పైసగం మాత్రమే వంగాలి. మొదలంటా వంచితే విరుగుతుంది.