మెనూలు, షార్ట్‌కట్‌లు ఒక తీరుకు తెచ్చేటప్పుడు

చి. స్వాతికి,

ఆశీస్సులు. వచ్చే వెర్షన్‌లో మీ మూడు ప్రోగ్రాముల మెనూలనూ కీబోర్డు షార్ట్‌కట్‌లనూ ఒకే తీరుకు తెచ్చే పని నీకు అప్పగించారని రాశావు. పైకి చిన్న పనిలా కనిపిస్తుంది. కానీ ఇందులో పొరపాటు జరిగితే ఆ ప్రోగ్రాముల మీద రోజంతా పనిచేసే వాళ్లే ఇబ్బంది పడతారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు ఒక నియమం పెట్టుకో. పాత కీ నుంచి ఒక పనిని తీసేయవచ్చు. కానీ అదే అప్‌డేట్‌లో ఆ కీకి వేరే పని ఇవ్వకూడదు. పని తీసేసి ఊరుకుంటే, నొక్కినవాళ్లకు ఏమీ జరగదు, కాసేపు విసుక్కుని మెనూలో వెతుక్కుంటారు. వేరే పని ఇచ్చావంటే వాళ్లకు తెలియకుండానే ఇంకేదో జరిగిపోతుంది. నిన్నటిదాకా కంట్రోల్+డి నొక్కితే వరుసకు నకలు వచ్చేది, ఇవాళ్టి నుంచి వరుస చెరిగిపోతుంది అనుకో. అలవాటు పడ్డ చేయి తెర వంక చూడదమ్మా. నాలుగైదు వరుసలు పోయాక గానీ తెలియదు. అందుకని ఖాళీ చేసిన కీని కనీసం రెండు వెర్షన్ల పాటు ఖాళీగానే ఉంచు. దాన్ని నొక్కినప్పుడు ఆ పని ఏ కీకి మారిందో చెప్పే ఒక్క వాక్యం తెర మీద కాసేపు కనిపించి పోవాలి. ఓకే నొక్కితే తప్ప కదలని పెట్టె మాత్రం పెట్టకు. దాన్ని చదవకుండానే మూసేస్తారు.

క్రోమ్ 2016లో 52వ వెర్షన్‌లో చేసింది దాదాపు ఇదే. బ్యాక్‌స్పేస్ నొక్కితే వెనక పేజీకి వెళ్లే ఏర్పాటు అంతకుముందు ఉండేది. కర్సర్ గడిలో ఉందనుకుని అక్షరం చెరపబోతే పేజీయే వెనక్కి పోయి, నింపిన ఫారమంతా గల్లంతయ్యేది. ఆ పని తీసేశారు, కీకి కొత్త పని ఏదీ ఇవ్వలేదు. నొక్కినవాళ్లకు ఆల్ట్+ఎడమ బాణం వాడమని చెప్పారు.

ఇక పని మొదలుపెట్టేది పట్టికతో. ఒక్కో ఆజ్ఞకు ఒక్కో వరుస. కోడ్‌లో దాని పేరు, మెనూలో కనిపించే పేరు, ఏ మెనూలో ఎన్నోది, విండోస్, మాక్, లినక్స్‌లలో దాని కీ, ఏ సందర్భంలో పనిచేస్తుంది, ఏ వెర్షన్ నుంచి ఉంది, ఇవి నిలువు గళ్లు. దీన్ని సహాయం పేజీల్లోంచి తయారుచేయకు, అవి ఎప్పుడూ కోడ్ కంటే వెనకబడే ఉంటాయి. కోడ్‌లోనే తియ్యి. మెనూ నిర్వచనాలు ఒకచోట, విండోస్ యాక్సిలరేటర్ పట్టిక (ఏ కీకి ఏ ఆజ్ఞ అని రాసి ఉంచే జాబితా) ఇంకోచోట ఉంటాయి. ఈ రెండూ సులువుగానే దొరుకుతాయి. కీ నొక్కిన సంఘటనను నేరుగా పట్టుకునే కోడ్ ముక్కలు మూడో చోటు. మెనూలో కనిపించని షార్ట్‌కట్‌లన్నీ అక్కడే దాక్కుని ఉంటాయి. పట్టిక పూర్తయ్యాక ఆజ్ఞల వరుసలో కాకుండా కీల వరుసలో సార్ట్ చెయ్యి. ఒకే కీకి ఒక ప్రోగ్రాంలో ఒక అర్థం, ఇంకో ప్రోగ్రాంలో ఇంకో అర్థం ఉన్న చోట్లు వెంటనే బయటపడతాయి.

ఇలా ఢీకొన్న చోట ఎవరి మాట చెల్లాలి? ఆపరేటింగ్ సిస్టమ్ ఆనవాయితీది మొదటి స్థానం. మీ మూడు ప్రోగ్రాముల మధ్య పొందిక ఆ తర్వాతే. మళ్లీ చేయి అనే ఆజ్ఞకు విండోస్‌లో కంట్రోల్+వై, మాక్‌లో కమాండ్+షిఫ్ట్+జెడ్. మాక్‌లో సెట్టింగులు ప్రోగ్రాం పేరుతో ఉన్న మెనూలో, కమాండ్+కామాతో తెరుచుకోవాలి. మూడు సిస్టమ్‌లలోనూ ఒకే కీ ఉండాలని ఎవరైనా పట్టుబడితే ఒప్పుకోకు. ఒక మనిషి ఒకే కంప్యూటర్ మీద పది ప్రోగ్రాములు వాడతాడు, నీ ఒక్క ప్రోగ్రాంను మూడు కంప్యూటర్ల మీద వాడేవాళ్లు తక్కువ. నువ్వు క్యూటీతో (తెర మీది మెనూలు, గడులు కట్టే సాధనం) కడుతుంటే అందులో స్టాండర్డ్‌కీ అనే ఏర్పాటు ఉంది. సేవ్, అన్‌డూ లాంటి వాటికి దాన్నే వాడితే ఏ సిస్టమ్ కీని ఆ సిస్టమ్‌కు అదే పెడుతుంది.

ఒక ఆజ్ఞకు రెండు కీలుంటే తప్పేమీ లేదు. ఐబీఎం 1987లో తెచ్చిన కామన్ యూజర్ యాక్సెస్ నియమాల్లో కత్తిరించడానికి షిఫ్ట్+డిలీట్, కాపీకి కంట్రోల్+ఇన్‌సర్ట్, అతికించడానికి షిఫ్ట్+ఇన్‌సర్ట్. 1992లో విండోస్ 3.1 వచ్చేసరికి మాక్ తరహాలో కంట్రోల్‌తో ఎక్స్, సి, వి చేరాయి. పాతవాటిని మాత్రం తీసేయలేదు, ఇవాళ్టికీ చాలా ప్రోగ్రాముల్లో పనిచేస్తాయి. నువ్వూ అలాగే చెయ్యి. మెనూలో కొత్త కీ ఒక్కటే చూపించు, పాతదాన్ని చూపించకుండా బతకనివ్వు.

ముట్టుకోకూడని కీలు కొన్ని ఉన్నాయి. వెబ్ ప్రోగ్రాం అయితే కంట్రోల్‌తో ఎన్, టి, డబ్ల్యూ బ్రౌజర్‌వి, నీ చేతికి రావు. డబ్ల్యూ పక్కనే ఉంటుంది కాబట్టి కంట్రోల్+క్యూకి ప్రమాదకరమైన పని పెట్టకు. విండోస్‌లో కంట్రోల్+ఆల్ట్+అక్షరం జోలికి అసలు పోకు. కుడివైపు ఆల్ట్‌జీఆర్ కీని విండోస్ కంట్రోల్+ఆల్ట్‌గానే చూస్తుంది. పోలిష్ భాషలో రాసేవాళ్లు ఆల్ట్‌జీఆర్+ఎస్‌తో తమ అక్షరం ఒకటి టైపు చేస్తారు. నువ్వు కంట్రోల్+ఆల్ట్+ఎస్‌కు ఏదైనా పని పెట్టావంటే వాళ్లు ఆ అక్షరం రాయలేరు. తెర మీది రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడర్లలో ఒకటైన ఎన్‌వీడీఏ ఇన్‌సర్ట్‌నూ, క్యాప్స్‌లాక్‌నూ వాడుకుంటుంది. మాక్‌లోని స్క్రీన్ రీడర్ వాయిస్‌ఓవర్ కంట్రోల్+ఆప్షన్ వాడుకుంటుంది. ఇక ఒంటరి అక్షరాన్ని షార్ట్‌కట్‌గా పెట్టాలంటే దాన్ని ఆపేసే లేదా మార్చుకునే వీలు ఉండాలి, లేదా ఆ భాగం మీద ఫోకస్ ఉన్నప్పుడే, అంటే కీబోర్డు నొక్కులు దానికే వెళ్తున్నప్పుడే, అది పనిచేయాలి. వైకల్యం ఉన్నవాళ్లూ వాడగలిగేలా వెబ్ పేజీలు చేయడానికి రాసిన నియమావళి డబ్ల్యూసీఏజీ, 2018 నాటి దాని 2.1లో ఇది కనీస స్థాయి నియమమే. అలా లేకపోతే, మాటలతో కంప్యూటర్ నడిపే వాళ్లు ఒక వాక్యం పలికితే, అందులోని అక్షరాలు ఒక్కొక్కటీ ఒక్కో ఆజ్ఞగా నడిచిపోతాయి.

అన్నిటికంటే ఎక్కువ తప్పులు దొర్లేది కీబోర్డు లేఅవుట్ల దగ్గర. బ్రౌజర్‌లో కీ నొక్కినప్పుడు రెండు విలువలు వస్తాయి. 'కీ' అన్నది వచ్చే అక్షరం, 'కోడ్' అన్నది కీబోర్డు మీద ఆ మీట ఉన్న చోటు. జర్మన్ కీబోర్డులో వై, జెడ్ తారుమారుగా ఉంటాయి. నువ్వు చోటును బట్టి చూస్తే, అక్కడివాళ్లు జెడ్ అని రాసి ఉన్న మీట నొక్కి పని వెనక్కి తీసుకోబోతే నీ ప్రోగ్రాం దాన్ని వై అనుకుని మళ్లీ చేస్తుంది. పోనీ అక్షరాన్ని బట్టి చూద్దామంటే, ఇన్‌స్క్రిప్ట్ అనే భారతీయ భాషల కీబోర్డు అమరికలో తెలుగు టైపు చేస్తున్న మనిషి కంట్రోల్+సి నొక్కినప్పుడు నీకు సి బదులు 'మ' అందుతుంది, కాపీ జరగదు. కాబట్టి ముందు అక్షరం చూడు. అది లాటిన్ లిపి అక్షరం కాకపోతే అప్పుడు చోటు చూడు. ఈ క్రమం తిరగబడకూడదు. బ్రాకెట్లు, స్లాష్ లాంటి గుర్తులను డిఫాల్ట్ షార్ట్‌కట్‌లుగా పెట్టకపోవడమే మేలు. జర్మన్ కీబోర్డులో స్లాష్‌కు షిఫ్ట్+7, చదరపు బ్రాకెట్‌కు ఆల్ట్‌జీఆర్+8 నొక్కాలి.

మెనూల సంగతికొస్తే, ఫైల్, ఎడిట్, వ్యూ ముందు, హెల్ప్ చివర. ఆ వరుస కదపకు. మధ్యలోవి మూడు ప్రోగ్రాముల్లోనూ ఒకే క్రమంలో ఉండాలి, ఒక ప్రోగ్రాంలో లేని మెనూ ఉంటే ఆ చోటు దాటేసి మిగతా క్రమం అలాగే ఉంచు. ఇప్పుడు పనికిరాని ఆజ్ఞను దాచేయకు, మసకబార్చి అక్కడే ఉంచు. ఆఫీస్ 2000లో అరుదుగా వాడే ఆజ్ఞలను దాచి మెనూను కుదించే పద్ధతి పెట్టారు. దానివల్ల ఆజ్ఞల చోట్లు మారిపోతూ ఉండేవి. నొక్కాక ఇంకా వివరాలు అడిగే ఆజ్ఞల పేరు చివర మూడు చుక్కలు పెట్టు, అడగని వాటికి వద్దు. చెరిపే ఆజ్ఞ, పేరు మార్చే ఆజ్ఞను ఆనుకుని ఉండకూడదు, మధ్యలో గీత ఉండాలి. ఒకచోట తీసివేయి, ఇంకోచోట తొలగించు అని రాయకు, ఏదో ఒకటి ఖాయం చేసి పట్టికలో రాసిపెట్టు.

ఆల్ట్ నొక్కి మెనూ అక్షరాలు వరుసగా కొట్టే వాళ్లనూ మరిచిపోవద్దు. ఆఫీస్ 2007లో మెనూలు పోయి రిబ్బన్ అనే బొత్తాల పట్టీ వచ్చినా, ఎక్సెల్‌లో పాత మెనూ దారి ప్రకారం ఆల్ట్, ఇ, ఎస్ కొడితే పేస్ట్ స్పెషల్ ఇప్పటికీ తెరుచుకుంటుంది. మెనూ మార్చినప్పుడు పాత అక్షరాల దారిని కూడా పట్టికలో ఒక నిలువు గడిగా పెట్టుకో. అనువాదం చేసిన ప్రతి భాషలోనూ ఒకే మెనూలో రెండు ఆజ్ఞలకు ఒకే అక్షరం పడిందేమో సరిచూడు. అలా పడితే ఆ అక్షరం ఆజ్ఞను నడపదు, రెండిటి మధ్య తిరుగుతూ ఉంటుంది.

వాడేవాళ్లు స్వయంగా మార్చుకున్న కీలను అప్‌డేట్ తుడిచేయకూడదు. దీనికి సెట్టింగుల ఫైలులో మొత్తం కీల పట్టిక దాచకుండా, డిఫాల్ట్‌కు భిన్నంగా ఉన్నవి మాత్రమే దాచాలి. మొత్తం దాస్తే కొత్త డిఫాల్ట్‌లు వాళ్లకు ఎప్పటికీ అందవు. ఆ ఫైలులో కీల పథకం (ఏ పనికి ఏ కీ అన్న మొత్తం అమరిక) సంఖ్య ఒకటి ఉండాలి, ఏ డిఫాల్ట్‌తో పోల్చిన తేడాలో తెలియడానికి. కొత్త ఆజ్ఞ కీ, వాళ్లు పెట్టుకున్న కీ ఒకటే అయితే వాళ్లదే చెల్లాలి, కొత్త ఆజ్ఞ కీ లేకుండా ఉండిపోవాలి.

పాత పథకానికి తిరిగి వెళ్లే దారి కూడా తప్పక పెట్టు. 3డీ బొమ్మలు చేసే ప్రోగ్రాం బ్లెండర్ 2019లో 2.80 తెచ్చి, ఎడమ క్లిక్‌తో ఎంచుకోవడాన్ని డిఫాల్ట్ చేసినప్పుడు, మొదటిసారి తెరవగానే ఏ క్లిక్ కావాలో అడిగింది. 2.7 నాటి కీల పథకాన్నీ ఉంచింది. ఫోటోషాప్ 2018 అక్టోబరులో కంట్రోల్+జెడ్‌ను వరుసగా వెనక్కి వెళ్లేలా మార్చినప్పుడు పాత పద్ధతికి ఒక టిక్ గడి ఇచ్చింది. కొత్తగా ఇన్‌స్టాల్ చేసినవాళ్లకు కొత్త పథకం, అప్‌డేట్ చేసుకున్నవాళ్లకు ఒక్కసారి ప్రశ్న. పథకానికి పాతది అని కాకుండా వెర్షన్ సంఖ్యతో పేరు పెట్టు, రేపు ఇంకోసారి మారినా గందరగోళం ఉండదు.

ఈ మార్పులన్నీ ఒకే పెద్ద వెర్షన్‌లో వెళ్లాలి. నెలకొకటి చొప్పున వదిలితే ప్రతి నెలా అలవాటు చెడుతుంది. భద్రతా అప్‌డేట్‌లో మాత్రం ఒక్క కీ కూడా మార్చకు, దాన్ని వద్దనుకునే వీలు జనానికి ఉండదు. పరీక్షలు పట్టిక నుంచే పుట్టేలా రాయి. కోడ్‌లో ఎవరైనా కీ మార్చి పట్టిక మార్చకపోతే బిల్డ్ (కోడ్‌ను ప్రోగ్రాంగా తయారుచేసే పని) ఆగిపోవాలి. చేత్తో చేసే పరీక్షలు అమెరికన్, జర్మన్, ఫ్రెంచ్, తెలుగు ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్లతో చేయించు. మౌస్ తీసేసి ఒక రౌండు, స్క్రీన్ రీడర్ పెట్టి ఒక రౌండు.

విడుదల పత్రంలో పాత కీ, కొత్త కీ పక్కపక్కన ఉన్న చిన్న పట్టిక మొదటి పేజీలోనే పెట్టు, అదే పట్టిక సహాయం మెనూలోనూ దొరకాలి. ఫోన్లు ఎత్తే సహాయ బృందానికి వారం ముందే అందించు. మీ కీల పట్టిక తయారయ్యాక నాకు పంపు, ఢీకొన్న చోట్లు కలిసి చూద్దాం.

ఇట్లు,
బాబాయి