వంట మాస్టర్ జీతం మిగులుతాదని రోబో కడాయి కొనొచ్చా?

విజయనగరం నుంచి ఒక తమ్ముడు రాశాడు, పేరు వెయ్యొద్దన్నాడు. ఆయన రాసింది కొంచెం కుదించి పెడుతున్నా.

"సార్, ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర నాకు ఫాస్ట్ ఫుడ్ సెంటర్ ఉంది, ఆరేళ్ళయింది. సాయంత్రం 6 నుంచి రాత్రి 11 దాకా. మామూలు రోజు 110 ప్లేట్లు, ఆదివారం 160, ప్లేటు సగటున 90 రూపాయలు. మాస్టర్‌కి 24 వేలు ఇస్తున్నాను, ఇద్దరు హెల్పర్లు, ఒకడికి 13, ఇంకొకడికి 11. ఇప్పుడు మాస్టర్ 30 వేలు అడుగుతున్నాడు, లేకపోతే హైదరాబాద్ పోతానంటున్నాడు. ఈలోపు ఒక సేల్స్ అబ్బాయి వచ్చి రోబో కడాయి, అంటే డ్రమ్ము తిరుగుతూ దానంతట అదే వేయించే మిషన్, వీడియో చూపించాడు. కరెంటుతో పనిచేస్తాది, 4 లక్షల 20 వేలు, జీఎస్టీ 18 శాతం వేరే, రెండో ఏడాది నుంచి ఏఎంసీ, అంటే ఏడాది మెయింటెనెన్స్, 25 వేలు. ఫైనాన్స్ కూడా వాళ్ళే ఇప్పిస్తారంట, 4 లక్షలకి 12 శాతం, 3 ఏళ్ళు, నెలకి 15,111. మాస్టర్ జీతం 24 వేలు మిగిలితే ఈఎంఐ పోను 9 వేలు లాభమే కదా అంటున్నాడు. మిగతా డబ్బుకి పాప చదువు కోసం వేసిన 3 లక్షల ఎఫ్‌డీ తియ్యాలా, మా ఆవిడ బంగారం పెట్టాలా? నెలకి నాకు ఓ 50 వేలు మిగులుతున్నాయి. టోకెన్ 25 వేలు శనివారం లోపు కట్టమంటున్నారు."

బాబూ, ముందు ఆ శనివారం సంగతి పక్కన పెట్టండి. టోకెన్ ఈ వారం కట్టకపోతే ఆ మిషన్ ఏమీ పారిపోదు, వచ్చే నెల కూడా అదే అబ్బాయి అదే రేటుకి, కుదిరితే ఇంకో పది వేలు తగ్గించి మరీ అమ్ముతాడు.

ఇప్పుడు ఆ 12 శాతం చూద్దాం. 4 లక్షలకి 12 శాతం అంటే ఏడాదికి 48 వేలు, 3 ఏళ్ళకి లక్షా 44 వేలు, మొత్తం 5 లక్షల 44 వేలని 36తో భాగిస్తే 15,111 వస్తాది. అంటే ఇది ఫ్లాట్ వడ్డీ. మీరు నెలనెలా అసలు తీరుస్తూ వెళ్తున్నా వాళ్ళు మాత్రం చివరి నెల దాకా 4 లక్షల మీదే వడ్డీ లెక్కేస్తారు. బ్యాంకు లెక్కలో చెప్పాలంటే ఇది 21 శాతం పైన పడే అప్పు. నిజంగా 12 శాతానికి, అసలు తగ్గేకొద్దీ వడ్డీ తగ్గే రిడ్యూసింగ్ పద్ధతిలో తీసుకుంటే ఈఎంఐ సుమారు 13,290, మూడేళ్ళ వడ్డీ మొత్తం 78 వేల చిల్లర. తేడా 65 వేలు పైనే, మీ పెద్ద హెల్పర్‌కి ఐదు నెలల జీతం అది. కాబట్టి కొన్నా కొనకపోయినా ఆ ఫైనాన్స్ కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి.

జీఎస్టీ మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను. 4,20,000 మీద 18 శాతం అంటే 75,600. ఇది వెనక్కి వస్తాదని ఆ అబ్బాయి అని ఉంటాడు, చాలామంది అలాగే అంటారు. మీలాంటి హోటల్ వాళ్ళు కట్టేది 5 శాతం పద్ధతి, దాంట్లో ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని తర్వాత తగ్గించుకునే వీలు, లేదు, ఆ 75,600 మీ జేబులోంచి పోయినట్టే. టాక్స్ మిగులుతాదని కూడా చెప్తారు, డిప్రిసియేషన్ అని, అంటే మిషన్ అరుగుదలని ఖర్చు కింద చూపించొచ్చని, అదీ ఇదీ అని, కానీ మీ ఆదాయానికి కొత్త పద్ధతిలో 12 లక్షల దాకా ఇన్‌కం టాక్సే పడదు, ఇంక లేని టాక్స్‌ని ఏటి తగ్గిస్తాడు?

మీరు రాయని సంగతి ఒకటుంది, అడుగుతున్నానని ఏమీ అనుకోకండి. మీ ప్లేట్లు లెక్కేస్తే నెలకి 3,500, అమ్మకం 3 లక్షల 15 వేలు, ఏడాదికి 37 లక్షల 80 వేలు. హోటల్ వ్యాపారానికి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండాలి. సగం అమ్మకం స్కానర్ మీదే వస్తుంటాది కాబట్టి ఎవరికీ కనపడదు అనుకోడానికి లేదు. కాంపోజిషన్‌లో, అంటే చిన్న వ్యాపారాలకి అమ్మకం మీద ఒకే శాతం కట్టే పద్ధతిలో, ఉంటే 5 శాతం మీరే కట్టాలి, కస్టమర్ దగ్గర వేరేగా వసూలు చెయ్యకూడదు, నెలకి 15,750. అది ఇప్పటికే కడుతూ 50 వేలు మిగులుతుంటే సంతోషం. కట్టకుండా 50 అంటే మాత్రం మీకు మిగిలేది 34 వేలే, దాని మీద 15 వేల ఈఎంఐ పెట్టుకుంటే ఇల్లు ఎలా నడుస్తాదో మీరే చెప్పాలి. ముందు ఈ పని ఒక ఆడిటర్ దగ్గర కూర్చుని తేల్చుకోండి, రోబో తర్వాత.

సరే, రోబో దగ్గరికి వద్దాం. నేను మిషన్లకి వ్యతిరేకిని కాదు. బెంగళూరులో ముకుంద ఫుడ్స్ అనే కంపెనీ దోసమాటిక్ అని దోశ మిషన్ తయారుచేసింది, పిండి పోస్తే దోశలు వరసగా బయటికి వస్తాయి. అలాంటివి క్యాంటీన్లకి బాగా కుదురుతాయి, ఎందుకంటే అక్కడ వందమందికి ఒకటే దోశ. మీ కొట్టులో అలా కాదు కదా, ఒకాయన ఎగ్ నూడిల్స్ కారం తక్కువ అంటాడు, వెనకాల ఆవిడ వెజ్ ఫ్రైడ్ రైస్ ఉల్లిపాయ లేకుండా అంటుంది, ఆ పక్కన కాలేజీ కుర్రాళ్ళు నలుగురూ నాలుగు రకాలు చెప్తారు. తిరిగే డ్రమ్ము నాలుగు ప్లేట్లు ఒకే రకం అయితే ఒక్కసారే వేసేస్తాది, నాలుగు రకాలయితే నాలుగుసార్లు వెయ్యాలి, మధ్యలో కడగాలి. గంటకి 60 ప్లేట్లు అని పాంప్లెట్‌లో రాసేది ఒకే రకం ప్లేట్ల లెక్క. చికెన్ వేసిన డ్రమ్ములోనే వెజ్ చేశారని కార్తీకమాసంలో ఎవరైనా గొడవ పెడితే ఏం చెప్తారు? ఇప్పుడైతే రెండు కడాయిలు పెట్టుకుని ఉంటారు, మిషన్ మాత్రం ఒక్కటే.

అసలు ఆ మిషన్ ఏం చేస్తాదో చూడండి. డ్రమ్ము తిరుగుతాది, కింద వేడి పుడతాది, నూనె సోయా సాస్ వెనిగర్ కొలత ప్రకారం పడతాయి, టైమ్ అయ్యాక ఒంపేస్తాది. క్యాబేజీ క్యారెట్ కటింగ్ ఎవరు చేస్తారు? అన్నం పొడిపొడిగా వండి ఆరబెట్టడం, నూడిల్స్ ఉడకబెట్టి నూనె రాసి పెట్టడం, మంచూరియా ఉండలు చుట్టి వేయించడం, పార్శిల్ కట్టడం, ఇవన్నీ మనుషుల పనులే. మాస్టర్ వెళ్ళిపోతే మిషన్ తీసుకునేది ఆయన చేతిలోని గరిటె ఒక్కటే.

అమెరికాలో ఇలాంటి ముచ్చట ఒకటి జరిగింది. 2018 మార్చిలో కాలిఫోర్నియా పాసడీనాలో కాలిబర్గర్ వాళ్ళు ఫ్లిప్పీ అనే రోబో చెయ్యిని పెట్టారు, బర్గర్ ప్యాటీలు తిరగేసే పని. జనం ఎగబడ్డారు, ఒక్క రోజుకే దాన్ని ఆపి పక్కన పెట్టాల్సి వచ్చింది. రోబో బానే తిరగేసింది, దాని వేగానికి తగ్గట్టు పక్కనున్న మనుషులు అందించలేకపోయారు, వాళ్ళకి మళ్ళీ ట్రైనింగ్ ఇచ్చుకోవాల్సి వచ్చింది. రోబోలతో పిజ్జాలు చేసే జూమ్ పిజ్జా అని ఇంకొకటి, దానిలో జపాన్ పెట్టుబడి కంపెనీ సాఫ్ట్‌బ్యాంక్ 37.5 కోట్ల డాలర్లు పెట్టింది 2018లో, 2020కి పిజ్జాలు మానేశారు, 2023కి కంపెనీయే మూసేశారు. అంత డబ్బున్నోళ్ళు ప్రయోగం చేసి పోగొట్టుకున్నా వాళ్ళకి ఇంకో వ్యాపారం ఉంటాది, మనకి పాప ఎఫ్‌డీ ఒక్కటే కదా ఉంది.

ఇప్పుడు ఆ 9 వేల లాభం లెక్క మళ్ళీ వేద్దాం. మాస్టర్ లేడు, 24 వేలు మిగిలాయి. మిషన్ నడపడానికి మీ దగ్గరున్న 13 వేల హెల్పర్‌నే పెట్టాలి, వాడు ఊరికే నడపడు, కనీసం 3 వేలు పెంచమంటాడు, న్యాయమే. మంచూరియా, చికెన్ 65 వేయించడానికి సాయంత్రం నాలుగైదు గంటలకి ఒక మనిషి, 10 వేలు అనుకుందాం. కరెంటు పెరుగుతాది, దానికి బదులు గ్యాస్ తగ్గుతాది, ఈ రెండింట్లో మీకు ఓ 2 వేలు కలిసొచ్చినా అది ఏఎంసీకి సరిపోతాది. అంటే చేతిలో నిజంగా మిగిలేది 11 వేలు, ఈఎంఐ 15,111, నెలకి 4 వేలు మీరే ఎదురు పెట్టాలి. మాస్టర్‌కి 30 వేలు ఇవ్వాల్సి వచ్చేలా ఉంటే అప్పుడు మిషన్ వల్ల మిగిలేది 17 వేలు, ఈఎంఐ పోను 2 వేలు లాభం. 2 వేల కోసం 5 లక్షల రిస్కు. ఇంకో మాట, వ్యాపారం డల్ అయిన నెలలో మాస్టర్‌తో మాట్లాడుకోవచ్చు, ఓ నాలుగు రోజులు సెలవు పెట్టించొచ్చు, ఈఎంఐకి కార్తీకమాసం తెలీదు.

కరెంటు సంగతి చెప్పకపోతే మన జిల్లా వాడిని కాను. ఆ మిషన్ 5 కిలోవాట్ల ఇండక్షన్ అయితే 22 ఆంపియర్లు లాగుతాది, ఫ్రిజ్జు, లైట్లు, ఎగ్జాస్ట్ అన్నీ ఉన్న కొట్టులో పాత సింగిల్ ఫేజ్ వైరింగ్ తట్టుకోదు, లోడు పెంచుకోవాలి, దానికి డిపాజిట్, వైరింగ్ ఖర్చు, కొట్టు అద్దెది అయితే ఓనర్ ఒప్పుకోవాలి. ఇవన్నీ కొటేషన్‌లో రాయరు. 2014లో హుదూద్ తుఫాను వచ్చినప్పుడు మనకి ఎన్ని రోజులు కరెంటు లేదో గుర్తుందా, 2018లో తిత్లీకి పలాస వైపు వాళ్ళ అవస్థ చూశాం. అంత దూరం ఎందుకు, ఆదివారం రాత్రి ఎనిమిదింటికి అరగంట పోయినా చాలు. కాబట్టి మిషన్ కొన్న రోజున కూడా పాత బర్నర్, సిలిండర్ అమ్మెయ్యకండి. ఇండక్షన్ మీద చేస్తే ఆ మంట తగిలిన వాసన కూడా రాదు, మీ కస్టమర్లకి ఆ వాసన కావాలో అక్కర్లేదో మీకే తెలియాలి, నాకైతే కావాలి.

నన్నడిగితే ఇలా చెయ్యండి. మాస్టర్‌తో కూర్చుని 27 వేలకి మాట్లాడండి, ఆదివారం 130 ప్లేట్లు దాటితే దాటిన ప్రతి ప్లేటుకి 5 రూపాయలు ఆయనకి, 160 అమ్మితే రోజుకి 150, నెలకి ఓ 600. డబ్బు చిన్నదే గానీ ఆదివారం సెలవు పెట్టడం తగ్గుతాది. అదే మాటలో ఒక షరతు పెట్టండి, సాస్‌లన్నీ కొలిచి మధ్యాహ్నమే కలిపి క్యాన్లలో పెట్టాలి, ప్లేటుకి ఎన్ని మిల్లీలీటర్లో గరిటె మీద గీత పెట్టాలి, పెద్ద హెల్పర్‌కి నేర్పాలి. మాస్టర్లు దీనికి ఊరికే ఒప్పుకోరు, చెయ్యి తెలిసిపోతే జీతం తగ్గిస్తారని భయం, అందుకే జీతం పెంచేటప్పుడే అడగాలి. రెండు నెలల్లో హెల్పర్ కనీసం ఫ్రైడ్ రైస్, నూడిల్స్ చెయ్యగలిగితే మీరు ఏ బెదిరింపుకీ లొంగక్కర్లేదు. వాడు కూడా రేపు హైదరాబాద్ పోతే? పోవచ్చు. కానీ కొలతలు మీ కొట్టులోనే ఉంటాయి. రేపు నిజంగా రోబో కొన్నా దానికి ఫీడ్ చెయ్యాల్సింది ఆ కొలతలే, కాబట్టి ఈ శ్రమ ఎటూ పోదు.

ఇంకోటి, మూడు వారాలు ఒక నోట్‌బుక్ పెట్టండి. ఆర్డర్ ఏ టైమ్‌కి వచ్చింది, ప్లేటు ఏ టైమ్‌కి వెళ్ళింది, లేటయితే ఎక్కడ లేటు, పొయ్యి దగ్గరా, కటింగ్ దగ్గరా, పార్శిల్ దగ్గరా. పొయ్యి దగ్గరే జనం ఆగి వెనక్కి వెళ్ళిపోతున్నారు అని తేలితే అప్పుడు మిషన్ మాట ఆలోచిద్దాం. అప్పుడైనా వాళ్ళ షోరూంలో వాళ్ళ అన్నంతో చేసిన డెమో చూసి మురిసిపోకండి. మీ అన్నం, మీ సాస్, మీ కొట్టులో, ఆదివారం ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా నడిపి చూపించమనండి. నెల అద్దెకి ఇస్తారేమో అడగండి. పాడైతే మెకానిక్ ఎక్కడి నుంచి వస్తాడు, వైజాగ్ నుంచా బెంగళూరు నుంచా, ఎన్ని గంటల్లో, మోటారు పోతే ఎంత, ఇవన్నీ కాగితం మీద రాయించుకోండి, ఫోన్‌లో చెప్పేవి ఏవీ లెక్కలోకి రావు.

అప్పు కావాలంటే ముద్రా లోన్‌లో కిశోర్ అని ఉంది, 50 వేలు దాటి 5 లక్షల దాకా, తాకట్టు అక్కర్లేదు. చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం పెట్టిన ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో ఫ్రీ, ఎవడైనా 2 వేలు అడిగితే ఇవ్వకండి. మీ స్కానర్ డబ్బులు పడే అకౌంట్ ఏ బ్యాంకులో ఉందో అక్కడికే వెళ్ళండి, ఆరేళ్ళ కొట్టు, ఏడాది స్టేట్‌మెంట్ చూపిస్తే మాట్లాడతారు. అయితే జీఎస్టీ సంగతి అక్కడ కూడా అడుగుతారు, అందుకే ముందు అది తేల్చమన్నాను. మేనేజర్‌ని వడ్డీ రిడ్యూసింగా ఫ్లాటా అని మొదటి మాటలోనే అడగండి.

పాప ఎఫ్‌డీ ముట్టుకోవద్దు. బంగారం కూడా వద్దు, మీ ఆవిడ ఒప్పుకున్నా వద్దు. రోజూ పొయ్యి దగ్గర నిలబడే మనిషి మీరు, రేపు ఓ పదిహేను రోజులు జ్వరమొచ్చి కొట్టు మూస్తే ఆ బంగారమే మీకు దిక్కు. హెల్త్ ఇన్సూరెన్స్ గురించి ఒక్క ముక్క కూడా రాయలేదు మీరు, లేదనే అనుకుంటున్నా.

నోట్‌బుక్ మూడు వారాలు నిండాక ఫొటోలు తీసి పంపండి, ఆదివారాల పేజీలు తప్పకుండా ఉండాలి. సిరిమాను పండగ రోజు లెక్క మాత్రం అందులో కలపకండి, ఆ రోజు రోబో అయినా మాస్టర్ అయినా ఎలాగూ సరిపోరు, పూటకి ఇంకో మనిషిని పెట్టుకోవాల్సిందే.