దుకాణమా, కథలా?

ప్రశ్న: హనుమకొండలో చిన్న జానపద కళల గ్యాలరీ నడుపుతున్నాను. గుడ్డ మీద కథల బొమ్మలు గీసిన చేర్యాల పటాలు, నిమ్మలకుంట తోలుబొమ్మలు అమ్ముతాను. పెళ్లికి ముందు నుంచీ కథలు రాసే అలవాటు. ఏడాదిగా ఒక్క కథా పూర్తికాలేదు. పొద్దంతా వచ్చినవాళ్లకు బొమ్మల గురించి చెప్పీ చెప్పీ రాత్రికి మాటలే మిగలడం లేదు. రెంటిలో ఒకటి వదిలేయాలా?
— ఒక పాఠకురాలు

జవాబు: వదలకండమ్మా. నేనూ 12 ఏళ్లుగా ఇలాంటి దుకాణమే నడుపుతున్నాను. మిమ్మల్ని అలసిపోయేలా చేస్తున్న ఆ చెప్పడమే నాకు కథ నేర్పింది.

చేర్యాల పటం గోడకు తగిలించడానికి పుట్టింది కాదు కదా. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివాళ్లు, మాదిగలకు జాంబ పురాణం చెప్పే డక్కలివాళ్లు వీటిని నకాషీల చేత, అంటే ఈ పటాలు గీసే చిత్రకారుల చేత, గీయించుకునేవాళ్లు. 3 అడుగుల వెడల్పు, 30 అడుగులు దాటే పొడవు. కథ ఎంతవరకు వస్తే పటం అంతవరకే విప్పేవాళ్లు. బొమ్మ సగం, నోటిమాట సగం.

నా దగ్గరున్న మార్కండేయుడి పటాన్ని అడిగినవాళ్లకు నేలమీద పరిచి చూపిస్తాను. యముడు పాశం విసిరే చోట నేను గొంతు పెంచి చెబుతుంటే, వాళ్ల చూపు మాత్రం కింద నేతకు నూలు కండెలు చుడుతున్న ఆడమనిషి మీదికి పోయేది. పదిసార్లు అలా అయ్యాక తెలిసింది, నేను రాయాల్సింది ఆమె కథని. రాశాను, అచ్చయింది.

ఆ మాటల్ని రాత్రిదాకా ఉంచకండి. వచ్చినవాళ్లు మెట్లు దిగగానే బిల్లు పుస్తకం వెనకపేజీలో రెండు ముక్కలు రాసుకోండి. కొనకుండా వెళ్లినవాళ్లు అడిగినవి మరీ ముఖ్యం. పొద్దున షట్టర్ ఎత్తకముందు ఓ గంట వాటితో కూర్చోండి.

బొమ్మ తెచ్చిన రోజే కళాకారుడికి డబ్బు ఇచ్చేయండి, దానివల్ల దుకాణంలో సరుకు తక్కువైనా సరే. అమ్ముడయ్యాక ఇస్తానని ఆపినన్నాళ్లూ నాకు ఒక్క వాక్యం రాలేదు.

నేనొక తప్పు చేశాను. చింతగింజల అంబలిలో సుద్ద కలిపి గుడ్డకు పూస్తూ ఒక నకాషీ పెద్దాయన తన ఇంటి సంగతి చెప్పారు. పేర్లు మార్చి కథలో పెట్టేశాను. ఆయన మనవరాలు చదివి వినిపించిందట. తర్వాత వచ్చినప్పుడు పటం ఇచ్చి, మంచినీళ్లయినా ముట్టకుండా వెళ్లిపోయారు. ఆ మధ్యాహ్నం ఇప్పటికీ మనసును కోస్తుంది. వెళ్లి క్షమాపణ అడిగాను. అప్పటినుంచి ఎవరి మాట తీసుకున్నా, పత్రికకు పంపేముందు వాళ్ల వాకిట్లో కూర్చుని చదివి వినిపిస్తున్నాను. మొన్న ఆ పెద్దాయనే కొత్త కథ విని, "పటంల బొమ్మల వెనక ఎరుపు ముందుగాల నింపాలె బిడ్డా, నువ్వు ఆఖరుకు రాసినవ్" అన్నారు. అక్కడే కూర్చుని ఆ పేరా దిద్దుకున్నాను.