ఒకే పేపరులో ఇద్దరు వాయుసేనాధిపతులా?

సందేహం: ఒక దినపత్రిక ఢిల్లీలోని ఎయిర్ చీఫ్ మార్షల్‌నూ, షిల్లాంగ్‌లోని ఎయిర్ మార్షల్‌నూ ‘వాయుసేనాధిపతి’ అనే రాసింది. స్క్వాడ్రన్ లీడర్‌ను ‘దళపతి’ అంది. సరేనా?

సమాధానం: ముందు ఎవరి కుర్చీ ఎక్కడో చూద్దాం. వాయుసేన మొత్తానికి పెద్ద ఢిల్లీలోని చీఫ్. ఆయన కింద ఏడు కమాండ్లు, ఒక్కోదానికి ఒక ఎయిర్ మార్షల్. ఐదు ప్రాంతాన్ని బట్టి, రెండు పనిని బట్టి ఏర్పడ్డాయి: నాగపూర్‌ది నిర్వహణ (మెయింటెనెన్స్), బెంగళూరుది శిక్షణ. దుండిగల్ వాయుసేన అకాడమీ హైదరాబాదు పక్కనే ఉన్నా జవాబు చెప్పుకొనేది బెంగళూరుకే. షిల్లాంగ్‌ది తూర్పు కమాండ్.

ఇక చిక్కు. 1955 దాకా ఢిల్లీ పెద్ద హోదాలో ‘కమాండర్-ఇన్-చీఫ్’ ఉండేది. ఆ ఏటి చట్టం దాన్ని తీసేసి ‘చీఫ్ ఆఫ్ ఎయిర్ స్టాఫ్’ చేసింది. సర్వసైన్యాధిపత్యం రాజ్యాంగం 53వ అధికరణం ప్రకారం రాష్ట్రపతిది. ‘కమాండింగ్-ఇన్-చీఫ్’ అన్న ముక్క ఇప్పుడు మిగిలింది కమాండ్ల పెద్దల హోదాలోనే! అక్షరాన్ని పట్టుకుంటే ‘అధిపతి’ షిల్లాంగ్ ఆయనకే ఎక్కువ నప్పుతుంది.

మన పూర్వులకు ఈ ఇబ్బంది లేదు. వాళ్ల దగ్గర ‘సాహిణి’ ఉంది. సంస్కృతంలో ‘సాధనం’ అంటే సైన్యం కూడా. దాన్ని నడిపేవాడు సాధనికుడు. ప్రాకృతంలో ధకారం హకారమై, నకారం ణకారమై సాహణి, సాహిణి అయిందని శాసన పండితుల మాట. కాకతి గణపతిదేవుని కొలువులో జాయప ‘గజసాహిణి’. ఏనుగుల బలగం ఆయన చేతిలో ఉండేది, మొత్తం సేన కాదు. నాట్యశాస్త్ర గ్రంథం ‘నృత్తరత్నావళి’ రాసిన జాయపే ఈయన. ఆ కాలపు కాయస్థ వంశపు గంగయ పేరులోనూ సాహిణి ఉంది. ఏ బలగమో ముందు చెప్పి, తర్వాత సాహిణి అనడం ఎంత పొందిక! సాహిణికి గుర్రాలకు శిక్షణ ఇచ్చేవాడన్న అర్థమూ ఉంది; అది వేరే సంగతి.

ఇప్పుడు సాహిణిని తెమ్మంటే ఉపసంపాదకులు నవ్వుతారు. ‘వాయుసేనాధిపతి’ వాడుకలో ఢిల్లీ ఆయనకు స్థిరపడింది, ఉండనివ్వండి. షిల్లాంగ్ ఆయనను ‘తూర్పు కమాండ్ అధిపతి’ అంటే చాలుననుకుంటాను. కమాండ్ పేరు మింగేయడమే అసలు తప్పు.

‘దళపతి’ని మాత్రం ఒప్పుకోను. స్క్వాడ్రన్ లీడర్ అన్నది ర్యాంకు, కుర్చీ పేరు కాదు. స్క్వాడ్రన్‌ను, అంటే కొన్ని విమానాల బలగాన్ని, నడిపేది సాధారణంగా వింగ్ కమాండర్ లేదా గ్రూప్ కెప్టెన్. పైగా సేననూ ‘వైమానిక దళం’ అని, స్క్వాడ్రన్‌నూ ‘దళం’ అని రాస్తే దళపతి ఎవరని చదువరి తేల్చుకోవాలి? ర్యాంకులను తెలుగు చేయబోకండి. ఉన్నవి ఉన్నట్టే రాయండి.